బట్టీ బాకీ మనం కట్టాలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా సంఘం స్త్రీల సమాజం తరఫున క్రిస్మస్‌కి ఊరి బయట ఇటుక బట్టీలో దుప్పట్లు పంచాం. అందరూ ఒడిశా నుంచి వచ్చినవాళ్లే. అడ్వాన్స్ తీరేదాకా ఊరికి పోనివ్వరట. జ్వరమొచ్చినా మొగుడూపెళ్లాల్లో ఒకరినే ఆసుపత్రికి పంపుతారట. తలా కొంత వేసుకుని ఆ బాకీ కట్టేద్దామనుకుంటున్నాం. మేం పాస్టర్లం కాదు, పెద్ద చదువులూ లేవు. సలహా చెప్పండి.
– ఒక సోదరి, సంగారెడ్డి జిల్లా

జవాబు: దయచేసి కట్టకండి. ఇలా మనిషిని కట్టిపడేసిన బాకీని 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం కొట్టేసింది. దాన్ని వసూలు చేసుకోవడమే నేరం. మీరు కట్టిన డబ్బుతోనే వచ్చే సీజన్‌కి సర్దార్ (కూలీలను తెచ్చే దళారి) ఇంకో కుటుంబానికి అడ్వాన్స్ ఇస్తాడు.

అడ్వాన్స్ తీసుకున్న ప్రతివాళ్లూ వెట్టి కిందికి రారు. అడ్వాన్స్‌తో పాటు బయటికి కదలనివ్వకపోవడం, వేరే పనికి పోనివ్వకపోవడం, కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వడం, వీటిలో ఒక్కటి ఉన్నా చాలు. కాగితం లేదే అని వెనకాడొద్దు. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవాల్సిన భారం సెక్షన్ 15 ప్రకారం యజమానిదే.

వివరాలు బట్టీలో అడగొద్దు. వారం ఖర్చు (తిండికని వారంవారం ఇచ్చే డబ్బు) చేతికందాక వాళ్లు సంతకు వస్తారు, అక్కడ మాట్లాడండి. మీ సంఘంలో ఒడియా వచ్చిన ఇచ్ఛాపురం వైపు వాళ్లుంటే తోడు తీసుకెళ్లండి. బలాంగీర్, నువాపడా జిల్లాల వాళ్ల ఇంటిభాష సంబల్‌పురి, అయినా ఒడియాలో అడిగితే అర్థమవుతుంది. సర్దార్ పేరు, అడ్వాన్స్ ఎంత, ఎప్పుడిచ్చారు, వారం ఖర్చు ఎంత, రోజుకి ఎన్ని ఇటుకలు కోస్తున్నారు, వెయ్యికి ఎంత అన్నారు, ఆధార్ కార్డులు ఎవరి దగ్గరున్నాయి, ఇవన్నీ రాసుకోండి.

ఎక్కువ పొరపాట్లు జరిగేది పేర్ల దగ్గరే. యజమాని పుస్తకంలో సాధారణంగా మగవాడి పేరొక్కటే ఉంటుంది, ఇటుక మాత్రం ఇంటిల్లిపాదీ కోస్తారు. భార్య, పని చేసే పిల్లలు, ప్రతి ఒక్కరి పేరు, వయసు, ఊరు విడిగా రాయండి. కేంద్ర పునరావాస పథకంలో మగవాళ్లకు లక్ష, స్త్రీలకు, పిల్లలకు 2 లక్షలు, అక్రమ రవాణా లాంటి ఘోరమైన కేసుల్లో 3 లక్షలు. ఇదంతా మనిషికి లెక్క, కుటుంబానికి కాదు. జాబితాలో లేని ఆడమనిషికి వెట్టి నుంచి విడుదలైనట్టు అధికారులిచ్చే సర్టిఫికెట్టూ రాదు, డబ్బూ రాదు.

ఫిర్యాదు కలెక్టరుకో ఆర్డీవోకో నేరుగా ఇచ్చి, ఇన్‌వార్డ్ నంబరు తీసుకోండి. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణి లైనులో పదిమంది చూస్తుండగా ఇవ్వొద్దు. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. విషయం పొక్కితే రాత్రికి రాత్రి లారీ ఎక్కించి వేరే బట్టీకి తరలించేస్తారు. ఉచిత న్యాయ సహాయానికి 15100, పిల్లల విషయమైతే 1098, ఎవరికైనా ప్రాణం మీదికొస్తే 112.

అధికారులు బట్టీకి వెళ్లాక అడగాల్సినవి మూడు. వాంగ్మూలం యజమాని ఎదుట తీసుకోకూడదు. కోసిన ఇటుకకు రావాల్సిన కూలి లెక్క తేల్చాలి. విడుదల సర్టిఫికెట్ మనిషికొకటి ఇవ్వాలి. రాజీ చేసి, రైలు టికెట్లు చేతిలో పెట్టి పంపేస్తే కేసు అక్కడితో సరి. సర్టిఫికెట్ లేకపోతే 30,000 దాకా వచ్చే తక్షణ సాయం కూడా అడగలేరు. మిగతా సొమ్ము కేసుతో ముడిపడి ఉంటుంది, దానికి ఓపిక కావాలి.

సర్టిఫికెట్లు చేతికొచ్చే ఈ రెండు మూడు రోజులూ వాళ్లకి వసతి, అన్నం, చంటిపిల్లలకి పాలు, ఆఫీసు బయట పక్కన కూర్చునే మనిషి కావాలి. ఇది మీ స్త్రీల సమాజం చేయగల పని, చదువుతో పనిలేదు.

ప్రశ్న: కూలీల గొడవలు ప్రభుత్వం చూసుకుంటుంది, మన పిలుపు సువార్తే అని మా సంఘ పెద్దలంటున్నారు.
– యూత్ సభ్యుడు, వరంగల్

జవాబు: 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు బాప్తిస్మం తీసుకున్న ప్రతివారి చేతా తలమీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికించేవారు. వాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల కూలీలే. మన పిలుపు సువార్త అన్న మీ పెద్దల మాట నిజమే. అయితే బిగబట్టిన కూలి దేవుడికి మొరపెడుతోందని యాకోబు 5వ అధ్యాయంలో రాసి ఉంది. ఆ అధ్యాయం వాళ్లతో కలిసి చదవండి.

ప్రశ్న: విడిపించినవాళ్లకి క్రీస్తు గురించి చెప్పొచ్చా? మతమార్పిడి కేసు పెడతారేమో!
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మత ప్రచార హక్కు రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చింది. అయితే ఇంకొకరిని మార్చే హక్కు అందులో లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒడిశాలో బలవంతం, ప్రలోభం, మోసంతో చేసే మార్పిడి మీద 1967లోనే చట్టం వచ్చింది. కాబట్టి అన్నం పెట్టేచోట కరపత్రం పెట్టొద్దు. సర్టిఫికెట్ వచ్చేదాకా ప్రార్థనకు రమ్మనొద్దు. చట్టం భయం అటుంచండి, మీ చేతికింద ఉన్న మనిషి కాదనలేడు. మీరెందుకు ఇంత చేస్తున్నారని అతనే అడిగితే దాచకుండా చెప్పండి.

బాప్తిస్మం కోరితే ఇంకో సంగతి ముందే చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే. హోదా పోతే రిజర్వేషన్ పోతుంది, అట్రాసిటీ కేసుకూ దెబ్బే. ఎస్టీలకు ఈ షరతు లేదు. అతని కుల ధ్రువపత్రం ఏదో చూసి, ఇదంతా అతని భాషలో చెప్పి, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకునే వ్యవధి ఇవ్వండి.