ఆ పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిని బాగుచేయించాలా, వదిలించుకోవాలా

ఒరేయ్ అబ్బాయ్,

నీ మెసేజ్ చూశాను. బండి మళ్ళీ దారిలో ఆగిపోయిందన్నావు, బాగుచేయించాలా అమ్మేయాలా చెప్పు బాబాయ్ అన్నావు. బానే ఉంది కానీ ఎలా ఆగిందో రాయలేదే? వేడెక్కి ఆగిందా, పొద్దున్నే స్టార్ట్ కాలేదా, అసలు సెల్ఫ్ తిరిగిందా లేదా... వీటిల్లో ఒక్కోదానికి ఖర్చు ఒక్కోలా ఉంటుంది. "ఈ బండిని నమ్మలేం" అంటే మెకానిక్ మాత్రం ఏం చేస్తాడు, దొరికినవన్నీ మారుస్తాడు.

సరే, ఇంజిన్ సంగతి తర్వాత, ముందు బండి కిందకి దూరి ఛాసిస్, అంటే బండినంతా మోసే కింది ఇనుప చట్రం, చూడు. ఇంజిన్ పోతే ఇంకోటి వేయించొచ్చు, గేర్‌బాక్స్ పోయినా అంతే, ఛాసిస్ తుప్పు తినేస్తే మాత్రం ఎంత పోసినా దండగే. చిన్న సుత్తి పట్టుకుని కమాను కట్టలు బిగించే బ్రాకెట్ల దగ్గర, బాడీ కూర్చునే మౌంట్ల దగ్గర, వెనక ఇరుసు పైన ఛాసిస్ వంపు తిరిగే చోట, అంటే బురద పట్టి ఆరకుండా ఉండే చోట్లన్నమాట, కొట్టుకుంటూ వెళ్ళు. గట్టి ఇనుమైతే ఖంగుమంటుంది. లోపల తినేసి ఉంటే శబ్దం డొల్లగా వస్తుంది, అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడు, దిగిపోయిందంటే ఇంక అక్కడ ఇనుము లేనట్టే. పైపైన ఎర్రగా ఉన్న తుప్పుకి భయపడకు, పొరలు పొరలుగా ఊడొచ్చే తుప్పుకి భయపడు. కింద అంతా కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే మాత్రం అక్కడే ఇంకో రెండు దెబ్బలు ఎక్కువ వెయ్యి. ఒకచోట చిల్లు పడితే కోసేసి ప్లేటు పెట్టి వెల్డింగ్ చేయించొచ్చు, నాలుగైదు చోట్ల అయితే ఇంక ఆలోచించకు, వదిలెయ్.

ఛాసిస్ గట్టిగా ఉందా, అప్పుడు ఇంజిన్. పూర్తిగా చల్లారాక స్టార్ట్ చేసి పొగ చూడు, నీలంగా వస్తే ఆయిల్ మండుతున్నట్టు. నల్లగా వస్తే ఎయిర్ ఫిల్టరో ఇంజెక్టర్లో అయ్యుండొచ్చు, కంగారు పడకు. తెల్ల పొగ ఆగకుండా వస్తూ రేడియేటర్‌లో నీళ్ళు తగ్గిపోతుంటే హెడ్ గ్యాస్కెట్ మీద, అంటే ఇంజిన్ బ్లాక్‌కీ పైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు మీద, అనుమానం పెట్టుకో. ఇంజిన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత మెల్లగా తియ్యి, లోపల్నుంచి గాలి బుస్సుబుస్సుమని తన్నుతుంటే బోరుకి వచ్చినట్టే, అంటే సిలిండర్లు, రింగులు అరిగినట్టే అనుకో, కానీ సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేయించకుండా ఇంజిన్ దించడానికి ఒప్పుకోకు. అన్ని సిలిండర్లూ ఇంచుమించు ఒకేలా ఉండాలి, ఒకటి మిగతావాటికంటే 15 శాతానికి మించి తక్కువుంటే అప్పుడు చూద్దాం.

నన్నడిగితే ఇలా ఊరికే ఆగిపోయే బళ్ళల్లో చాలావాటికి ఇంజిన్ నిక్షేపంలా ఉంటుంది, తంటా అంతా ఎర్త్ తీగ (బ్యాటరీ నెగటివ్‌ని బండి ఇనుముకి కలిపేది) దగ్గరో డీజిల్ పైపు దగ్గరో ఉంటుంది. ఆగున్న బండికి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ తిరుగుతుంటే 14 దగ్గర చూపించాలి. సెల్ఫ్ కొడుతుండగా మీటర్ ఒక వైరు బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది ఇంజిన్ బ్లాక్‌కి ఆనించి చూడు, అర వోల్టు దాటిందంటే ఎర్త్ సరిగ్గా లేదు, ఆ బోల్టులు విప్పి గీకి బిగించు. నీది డీజిలే కదా, రాత్రంతా ఆగితే స్టార్ట్ కాకుండా, డీజిల్ లైనుకుండే చేతి పంపు నాలుగుసార్లు కొట్టగానే అందుకుంటోందంటే లైనులోకి గాలి లాగుతోందని అర్థం. ఆ మాత్రం దానికి బండి అమ్మేసేవాళ్ళు కూడా ఉన్నారు మరి!

ఇంక ఫోర్ వీల్ సంగతి. పార్ట్ టైమ్ అయితే, అంటే కావాలన్నప్పుడే నాలుగు చక్రాలకీ బలం ఇచ్చేదైతే, తారు రోడ్డు మీద వేసి చూడకు, ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకే స్పీడుకి కట్టుబడిపోయి మలుపులో ట్రాన్స్‌ఫర్ కేస్, అదే గేర్‌బాక్స్ బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె, బిగుసుకుపోతుంది. మట్టి నేల మీద లో రేంజ్ (మెల్లగా, ఎక్కువ బలంతో లాగే గేరు) వేసి, కాస్త లోడు పడేలా ఎత్తు ఎక్కించి చూడు, జారి న్యూట్రల్‌కి వచ్చేస్తుంటే లోపల పనుంది. గేర్ల ఆయిల్ దించేటప్పుడు దగ్గరే నిలబడు. ప్లగ్గుకి అయస్కాంతం ఉంటే దానికి బూడిదలా సన్నటి పొడి పట్టి ఉండటం మామూలే, గోటితో ఏరగలిగే ముక్కలుంటే మాత్రం పళ్ళో బేరింగులో పోతున్నట్టు. ఆయిల్ పాలలా ఉంటే నీళ్ళు దూరాయి, లోపలి గాలి వచ్చిపోయే బ్రీదర్ పైపు ఊడిందేమో చూడు.

డబ్బు దగ్గర అందరూ ఒక తప్పు లెక్క వేస్తారు, రిపేరు ఖర్చుని ఈ బండి ఇప్పుడు పలికే ధరతో పోలుస్తారు. అలాక్కాదు, ఇలాంటిదే నడిచే బండి ఇంకోటి కొనాలంటే ఎంతవుతుందో దాంతో పోల్చు. అదీ పాతదే కదా, దాని రోగాలు నీకు తెలీవు, దీనివి తెలుసు. ఇప్పటిదాకా పెట్టిన డబ్బు మాత్రం లెక్కలోకి తేకు, అది పోయింది. మెకానిక్‌తో పనులన్నీ విడివిడిగా రాయించుకుని, బ్రేకులు, స్టీరింగ్ ముందు పెట్టించి, వచ్చిన మొత్తానికి మూడోవంతు కలుపుకో, విప్పాక ఏదో ఒకటి బయటపడుతుంది. స్పేర్ పార్ట్స్ దొరుకుతాయని ఖాయం చేసుకున్నాకే గేర్‌బాక్స్ కిందకి దించనివ్వు, లేకపోతే బండి నెలలతరబడి షెడ్డులోనే ఉంటుంది. రోజూ పనికెళ్ళడానికి నీకు ఇదొక్కటే బండి అయితే ఆ ఒక్క కారణానికే ఇంకో మామూలు కారు చూసుకోమంటాను. మీ పిన్ని అయితే అవేవీ అడక్కుండానే అమ్మేయమంటోందనుకో.

ఛాసిస్ బాగుండి ఆయిల్‌లో ముక్కలు లేకపోతే నేను బాగుచేయించమనే అంటాను. ఈ ఆదివారం ఛాసిస్ చూసి, అనుమానం ఉన్న చోటల్లా ఫోటో తీసి పంపు, ఆయిల్ ప్లగ్ ఫోటో కూడా. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు.

బాబాయ్