అమ్మ గొలుసు ఇప్పుడే తీయొద్దు

ప్రశ్న: బరంపురంలో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ మూడో ఏడాది చేస్తున్నాను. నెలకు రూ.42,000 ఫెలోషిప్. ఒక్కోసారి రెండు మూడు నెలలు ఆగి ఒకేసారి పడుతుంది. ఏడు నెలల తర్వాత జర్మనీలో జరిగే కాన్ఫరెన్స్‌కు నా పేపరు ఎంపికైంది. టికెట్ 85 వేలు, రిజిస్ట్రేషన్ 40 వేలు, బస, వీసా, తిండికి 65 వేలు అవుతాయి. నా దగ్గర 60 వేలున్నాయి. నాన్న పెద్ద బజార్‌లో బట్టల కొట్లో గుమాస్తా. అమ్మ గొలుసు తాకట్టు పెడదామంటోంది. పెట్టమంటారా?

జవాబు: ముందుగా అభినందనలమ్మా. మన ఇళ్లలో పిల్లల చదువుకు డబ్బు కావాలంటే మొదట చూసేది అమ్మ మెడ వైపే. ఈసారి ఆ గొలుసు వంతు చివర రావాలి, అసలు రాకపోతే మరీ మంచిది.

ఈ వారమే కాన్ఫరెన్స్ నిర్వాహకులకు మెయిల్ రాయండి. పేపరు చదివే విద్యార్థులకు ఫీజు మాఫీ, ప్రయాణ సాయం చాలాచోట్ల ఇస్తారు. అడిగినవాళ్లకే ఇస్తారు, గడువు కూడా త్వరగా ముగుస్తుంది. తర్వాత పరిశోధనలకు డబ్బిచ్చే కేంద్ర సంస్థలు ఏఎన్‌ఆర్‌ఎఫ్ (పాత సెర్బ్ సంస్థ పనులు ఇప్పుడు దానివే), సీఎస్‌ఐఆర్‌ల ప్రయాణ గ్రాంట్ల దరఖాస్తులు వాళ్ల వెబ్‌సైట్లలో చూడండి. మీ విభాగం నిధి గురించి, మీ కంటింజెన్సీ డబ్బు (ఫెలోషిప్‌తో పాటు పరిశోధన ఖర్చులకు ఇచ్చేది) దీనికి వాడుకోవచ్చా అన్నదాని గురించి గైడ్ గారిని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. ఒకే బిల్లును రెండు చోట్ల పెట్టకూడదు. టికెట్ ఒకరి దగ్గర, రిజిస్ట్రేషన్ ఇంకొకరి దగ్గర అడగొచ్చు.

అసలు చిక్కు ఇక్కడుంది. గ్రాంట్ మంజూరైనా డబ్బు సాధారణంగా ముందు చేతికి రాదు. మీరే ఖర్చుపెట్టి, తిరిగొచ్చి, బిల్లులు పెట్టాక, కొన్ని నెలలకు వస్తుంది. గ్రాంట్ వచ్చిందని టెన్షన్ తగ్గించుకుని, టికెట్ కొనే రోజు చేతిలో డబ్బు లేక అప్పులకు పరుగెత్తిన పిల్లల్ని చూశాను. అందుకే గ్రాంట్ ఎంత వస్తుందనే లెక్క ఒక్కటే చాలదు, ప్రయాణం నాటికి మీ చేతిలో ఎంత ఉంటుందో కూడా చూసుకోవాలి.

ఆరు నెలల పాటు నెలకు 12 వేల చొప్పున పక్కన పెడితే 72 వేలు. మీ 60 వేలతో కలిపి 1.32 లక్షలు. మొత్తం ఖర్చు 1.90 లక్షలు కాబట్టి లోటు 58 వేలు. రిజిస్ట్రేషన్ మాఫీ దొరికితే 18 వేలే. అయితే ఈ పొదుపుకు రికరింగ్ డిపాజిట్ వద్దు. ఫెలోషిప్ ఆగిన నెలలో వాయిదా తప్పుతుంది. వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి, మూడు నెలల డబ్బు ఒకేసారి పడితే అదే రోజు 36 వేలు అందులోకి మార్చేయండి.

మిగిలిన లోటుకు స్నేహితులో, బంధువులో చేబదులు ఇస్తే సరే. గొలుసు తప్పనిసరైతే, గ్రాంట్ మంజూరు లేఖ చేతికొచ్చాకే, బ్యాంకులోనే, లోటు మేరకే పెట్టండి. లేఖ లేకుండా పెడితే ఎప్పుడు విడిపించగలరో ఎవరూ చెప్పలేరు. లోన్ యాప్‌ల జోలికి అస్సలు పోవద్దు.

వీసా సంగతి: జర్మనీకి కావాల్సిన షెంగెన్ వీసాకు (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. ఫీజు 90 యూరోలు, కనీసం 30 వేల యూరోల ప్రయాణ బీమా తప్పనిసరి. వీసా రాకముందే, రద్దు చేస్తే డబ్బు రాని టికెట్ కొనకండి. ప్రభుత్వ డబ్బుతో వెళ్తే టికెట్ ఎక్కడ కొనాలనే నిబంధన ఉంటుంది. 2022లో కేంద్రం ప్రభుత్వ ఖర్చు మీద విమాన టికెట్లకు బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ అనే మూడు ప్రభుత్వ సంస్థలను నిర్దేశించింది. మీ గ్రాంట్‌కు అది వర్తిస్తుందేమో కొనకముందే రాతపూర్వకంగా అడగండి. ఎక్కడో చౌకగా కొన్న టికెట్‌కు తర్వాత పైసా రాకపోతే ఆ 85 వేలు మీ మీదే పడతాయి.

బోర్డింగ్ పాసులు, రిజిస్ట్రేషన్ రసీదు, హాజరు సర్టిఫికెట్ అక్కడే ఫోన్‌లో ఫొటో తీసి, అసలువి ఒక కవరులో పెట్టుకోండి. వచ్చిన వారంలోనే బిల్లులు పెట్టేయండి. తిరిగొచ్చే డబ్బుతో మొదట అప్పు తీర్చి, మిగిలింది మీ 60 వేల నిల్వలో తిరిగి వేయండి.