చుక్కను కాన్వాసు మీదికి ఎక్కించే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మన ఇంటి గుర్తులతో అమూర్త చిత్రం (ఫలానా వస్తువు బొమ్మ కాకుండా ఆకారాలూ రంగులతోనే నడిచేది) వేస్తానని నువ్వు పంపిన స్కెచ్చు చూశాను. మూడడుగుల కాన్వాసులో ఓంకారం, తామర, గోపురం, నెమలి, వీటన్నిటి చుట్టూ ముగ్గు. ఇన్ని ఒకచోట చేరిస్తే పెళ్లి శుభలేఖలా ఉంటుంది. ముగ్గు ఒక్కటి ఉంచి మిగతావి తీసెయ్. గోపురం చూడగానే జనం 'ఆ, గుడి' అని పేరు పెట్టేసుకుని పక్క బొమ్మకి వెళ్లిపోతారు. ముగ్గుకి చుక్కల లెక్క ఉంది, గీత నడిచే పద్ధతి ఉంది. అమూర్త చిత్రానికి కావలసిన ఎముకల గూడు అందులోనే ఉంది.

చిత్రకారుడు ఎస్.హెచ్. రజా బొమ్మలు ఇంకోసారి తీసి చూడు. 1950లో పారిస్ వెళ్లి, ఏళ్ల తరబడి ప్రకృతి దృశ్యాలు వేసిన మనిషి 1980 ప్రాంతానికి నల్లటి బిందువు దగ్గరికి వచ్చాడు. ఆ బిందువు పక్కన దేవుడి బొమ్మ ఉండదు. చతురస్రం, త్రిభుజం, నాలుగైదు రంగులు, అంతే. మన పి.టి. రెడ్డి కూడా (1915లో కరీంనగర్ జిల్లా అన్నారంలో పుట్టాడు) తాంత్రిక ఆకారాలను ఆధునిక చిత్రంలోకి తెచ్చినవాడే. అక్షరాలు పెట్టాలని ఉందన్నావు కాబట్టి చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ సంగతీ చెబుతాను. 1963లో మొదలుపెట్టిన 'వర్డ్స్ అండ్ సింబల్స్' వరుసలో ఆయన రాసిన లిపి మలయాళంలా కనిపిస్తుంది, చదవబోతే చదవడానికి రాదు. నువ్వు తెలుగులో ఒక్క మాట రాసినా చూసేవాళ్లు చదువుతారు, చదవడం అయ్యాక చూడరు. ఈ బొమ్మకి అక్షరాలు వద్దు.

ఇక పని. 36 అంగుళాల చదరపు కాన్వాసు తీసుకో. కొన్నదానికి ముందే పూత ఉన్నా, ఇంకో రెండు పూతలు జెస్సో (రంగు పట్టడానికి కాన్వాసుకి ముందు వేసే తెల్లటి పూత) అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పలచగా వేసి, ఆరాక 220 నంబరు ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దు. ఒకేసారి మందంగా పూస్తే తర్వాత పగుళ్లిస్తుంది.

నేలరంగు, అంటే కాన్వాసంతా ముందు పూసే రంగు, జాజు. మన గడపలకూ గోడలకూ పూసే ఎర్రమట్టే. అది ఇనుము రంగు, ఎండకి వెలవదు. పొడిని పలచటి గుడ్డలో జల్లించి, కొద్ది నీళ్లతో ముద్ద చేసి, అంతే కొలత అక్రిలిక్ మీడియం (రంగుపొడిని పట్టి ఉంచే జిగురు ద్రవం) కలిపి నూరు. గాజు పలక మీద నూరితే ఉండలు కట్టదు. ముందు ఒక ముక్క మీద పూసి, మర్నాడు తడి తెల్లగుడ్డతో రుద్ది చూడు. గుడ్డకి ఎరుపు అంటితే మీడియం చాలలేదు, ఇంకొంచెం పొయ్యి. నీళ్లు పోసి పలచన చేస్తే ఆ జబ్బు ఇంకా ముదురుతుంది.

ఇంట్లో ఉన్నాయి కదా అని పసుపూ ముగ్గుపిండీ వాడాలనిపిస్తుంది. పసుపు వెలుతురుకి నెలల్లోనే పాలిపోతుంది. పైగా సున్నం తగిలితే ఎర్రబడే గుణం దానిది, అక్రిలిక్ మీడియంలోనూ కాస్త క్షారం ఉంటుంది. బదులు ఎల్లో ఓకర్ (పసుపుపచ్చ మట్టిరంగు) వాడు. రాతి ముగ్గుపిండి మీడియంలో కలిస్తే ఆరాక బూడిదలా, సగం పారదర్శకంగా మిగులుతుంది. వాకిట్లో ఉన్న తెలుపు కాన్వాసు మీద రావాలంటే టైటానియం వైట్ తప్పదు. బియ్యప్పిండి అసలు ఆలోచించకు, బూజు, పురుగులు.

చుక్కలు: మధ్య వరుస 7, పైకీ కిందికీ 6, 5, 4. అంటే '7 నుంచి 4 దాకా సందు చుక్క' (ఒక వరుస చుక్కలు పక్క వరుస సందుల్లో పడతాయి), మొత్తం 37. చుక్కకీ చుక్కకీ 4 అంగుళాలు, వరుసకీ వరుసకీ మూడున్నర. అప్పుడు పక్కల 6 అంగుళాలు, పైనా కిందా ఏడున్నర చొప్పున ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ అంచుల్ని నింపకు. గుర్తులు తెల్ల చాక్ పెన్సిలుతో పెట్టు, తడిగుడ్డతో పోతుంది. మామూలు పెన్సిలు గీత తెలుపు కింద నుంచి మురికిగా కనపడుతుంది. చుక్క అర అంగుళం ఉండాలి. గుండ్రటి కుంచెను నిలువుగా ఒత్తి తీసి, ఆరాక దానిమీదే మరోసారి ఒత్తు. పెన్సిలు వెనక రబ్బరుతో అచ్చు వేస్తే మధ్య గుంటపడి అంచు లేస్తుంది.

నడిమి చుక్కే నీ బిందువు. దాన్ని 6 అంగుళాల వ్యాసానికి పెంచు. చుట్టూ ఉన్న ఆరు చుక్కలూ దాని అంచుకి సుమారు ముప్పావు అంగుళం దూరంలో నిలబడతాయి. 7 అంగుళాలకి పెంచితే అవి దాదాపు అంటుకుని ఊపిరాడనట్టుంటుంది, 3 అయితే ఇంకో చుక్కలాగే ఉంటుంది. వృత్తానికి అట్టముక్కకి రెండు బెజ్జాలు పొడిచి, ఒకదాంట్లో గుండుసూది, రెండోదాంట్లో పెన్సిలు పెట్టి తిప్పు. కేంద్రం దగ్గర రెండు పొరలు టేపు అంటించి గుండుసూది దాని మీద ఆనించు, లేకపోతే కాన్వాసుకి కన్నం పడుతుంది. నలుపు విషయంలో తొందరపడకు. ట్యూబు నలుపు ఒక్కటే పూస్తే బొమ్మలో బొక్క పడినట్టుంటుంది. ఒక పూత అది వేసి ఆరనిచ్చి, దానిపైన అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు) సమపాళ్లలో కలిపి రెండు పలచటి పూతలు వెయ్. ఆ మిశ్రమం సగం పారదర్శకం కాబట్టి నేరుగా జాజు మీద వేస్తే కింది ఎరుపు తొంగి చూస్తుంది. అక్రిలిక్ ఆరాక కొంచెం నల్లబడుతుందని కూడా లెక్కలో ఉంచుకో.

చుక్కల చుట్టూ తిరిగే మెలిక గీత చివర్న. కాన్వాసును నేలమీద పరిచి, వంగి, చెయ్యి భుజం నుంచి కదిలేలా గియ్యి. ఈజిల్ మీద మణికట్టుతో గీస్తే వంపులు వణుకుతాయి. అంతకుముందు ఇదే లెక్కతో వాకిట్లో ముగ్గు చేతికి వచ్చేదాకా వెయ్. పొడవు వెంట్రుకల లైనర్ కుంచె, పావు అంగుళం గీత, రంగు పలుచటి మజ్జిగంత ఉండాలి. చుక్కను గీత తాకకూడదు. నా మాట వింటే గీతను కింది సగంలోనే నడిపి, నడిమి వరుస దగ్గర ఆపెయ్. పై చుక్కలను విడిగా వదిలేస్తే మిగతా ముగ్గు చూసేవాళ్ల కన్నే వేసుకుంటుంది. అమ్మ 'సగంలో వదిలేశావేమే' అంటుంది, అననీ. ఎల్లో ఓకర్ బిందువు చుట్టూ సన్నటి వలయానికి మాత్రమే. నాలుగు రంగులు దాటకు.

వేసవిలో అక్రిలిక్ పళ్లెంలోనే ఎండిపోతుంది. స్టీలు పళ్లెంలో తడిగుడ్డ, దానిపైన బటర్ పేపరు పరిచి రంగులు కలుపుకో. బొమ్మ అయ్యాక రెండు వారాలు ఆగి మ్యాట్ వార్నిష్ ఒక పూత వెయ్. మెరిసే వార్నిష్ వేస్తే నల్ల బిందువులో ట్యూబులైటు కనిపిస్తుంది. సంతకం వెనకవైపు పెట్టు. ముందు పెడితే అది 38వ చుక్క అవుతుంది.

ఫోటో ఫ్లాష్‌తో కాకుండా, ఉదయం వెలుతురులో కిటికీ పక్కన పెట్టి తీసి పంపు. పూతల గరుకు తెలిస్తేనే నలుపు గురించి ఏమైనా చెప్పగలను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు