రైల్వే రేడియో చదివితే అమ్మాయి అక్కడే ఆగిపోతుందా?

ప్రశ్న: నేను కాజీపేట వైపు ఒక చిన్న స్టేషన్‌లో స్టేషన్ మాస్టర్‌ని. మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. రైళ్ల కోసం వాడే మొబైల్ కమ్యూనికేషన్, దాని స్టాండర్డ్‌ల మీద ప్రాజెక్టు చేస్తానంటోంది. బంధువుల పిల్లలంతా ఏఐ, డేటా సైన్స్ కోర్సుల్లో చేరిపోయారు. లక్షన్నర కట్టి ఈమెనూ చేర్పిద్దామని నా ఆలోచన. రైల్వేలో తప్ప ఎక్కడా పనికిరాని చదువు ఎందుకని టెన్షన్‌గా ఉంది. రెండింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: మాస్టర్ గారూ, బ్రాంచి పేరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది కానీ ఇదే ప్రశ్న నాకు వారం వారం వస్తుంది. అందరి పిల్లలూ ఒక బస్సెక్కి వెళ్లిపోతుంటే నా బిడ్డ ఒక్కతే స్టాపులో మిగిలిపోతుందేమోనన్నది మీ అసలు భయం. ముందు దానికే జవాబు చెబుతాను. మీ అమ్మాయి మిగిలిపోదు. ఎందుకో వినండి.

మీ టేబుల్ మీద 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్ ఉంటుంది, లోకో పైలట్ చేతిలో వాకీ టాకీ. మీరు పిలిస్తే ఆ ఛానల్లో ఉన్నవాళ్లందరికీ వినిపిస్తుంది. ఏ బండిని పిలుస్తున్నారో ముందు నంబర్ చెప్పి, అవతలివాళ్లు పలికితే గానీ పని జరగదు. ఒకప్పుడు యూరప్‌లో ఇంతకంటే గందరగోళం. ఒక్కో దేశానిది ఒక్కో రేడియో, అన్నీ కలిపి 35కి పైగా రకాలు. సరిహద్దు దాటిన ఇంజన్‌లో అవతలి దేశపు సెట్ కూడా ఉండాల్సిందే. 1997లో 32 రైల్వేలు ఒప్పందం చేసుకుని జీఎస్ఎం-ఆర్ అనే ఒకే పద్ధతికి వచ్చాయి. అందులో కంట్రోలర్ బండి నంబర్ కొడితే చాలు, ఆ రోజు డ్యూటీలో ఎవరున్నా ఆ క్యాబ్‌లోనే ఫోన్ మోగుతుంది. డ్రైవర్ ఎమర్జెన్సీ బటన్ నొక్కితే మిగతా కాల్స్ తెగిపోయి, ఆ పరిధిలోని బండ్లన్నిటికీ ఒకేసారి హెచ్చరిక వెళుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. జీఎస్ఎం-ఆర్ అంటే మనం పాత ఫోన్లలో వాడిన జీఎస్ఎమ్మే, దానికి రైల్వే అవసరాలు జోడించారు. దక్షిణ కొరియాలో 2018 వింటర్ ఒలింపిక్స్ నాటికి వోంజు-గాంగ్‌నుంగ్ లైన్‌లో వేసింది 4జీ మీద నడిచే ఎల్‌టీఈ-ఆర్. యూరప్‌లో జీఎస్ఎం-ఆర్ స్థానంలోకి రాబోయే ఎఫ్‌ఆర్‌ఎంసీఎస్ అనే కొత్త రైల్వే రేడియో పద్ధతికి పునాది 5జీ. మన జేబులో ఫోన్లకు స్టాండర్డ్ రాసే 3జీపీపీ అనే అంతర్జాతీయ సంస్థే ఈ 4జీ, 5జీ రైల్వే అవసరాలకూ రాస్తోంది. అంటే మీ అమ్మాయి నేర్చుకునేది మొబైల్ టెలికాం. రైల్వేలో ఉద్యోగం రాకపోయినా టెలికాం కంపెనీలో, చిప్ కంపెనీలో, నెట్‌వర్క్ టెస్టింగ్‌లో అదే చదువు చెల్లుతుంది.

ఇక మీరు కట్టబోయే లక్షన్నర. ఏఐ మీద నాకు కోపం లేదు. గణితం ఇష్టపడి అందులోకి వెళ్లిన పిల్లలు బాగున్నారు. నా అనుమానమంతా ఈ ఆరు నెలల కోర్సుల మీదే. పోయినేడాది ఒక అబ్బాయి సర్టిఫికెట్లతో నా దగ్గరికి వచ్చి, ఇళ్ల ధరలు అంచనా వేసే ప్రాజెక్టు ల్యాప్‌టాప్‌లో తెరిచి చూపించాడు. అతని డేటా పట్టికలో కొన్ని గడులు ఖాళీగా ఉన్నాయి, వాటిని ఏం చేశావని అడిగాను. ‘సార్ ఇచ్చిన కోడ్ రన్ చేశానండీ’ అన్నాడు. అతని బ్యాచ్‌లో అందరి ప్రాజెక్టూ అదేనట. ఇంటర్వ్యూలో ఎదుటివాళ్లు ఇది కనిపెట్టడానికి రెండు నిమిషాలు చాలు. అప్పు చేసి ఫీజు కట్టిన ఆ తండ్రి ముఖం నాకింకా గుర్తుంది. ఇష్టం లేని పిల్లను అందులో కూర్చోబెడితే మీరు కొనేది ఆ కాగితం ఒక్కటే.

ఒక మాట గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో బంధువుల పిల్లల గురించి ఉంది, ఫీజు గురించి ఉంది. అమ్మాయికి ఈ విషయం మీద ఆసక్తి ఎలా కలిగిందో ఒక్క ముక్క లేదు. అడిగారా? రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల రేడియో గురించి చదువుతానంటే, ఆ ఇష్టం బహుశా మీ డ్యూటీ కబుర్లు విన్న దగ్గరే మొదలై ఉంటుంది. మీరేమో దాన్ని పనికిరాని చదువని కొట్టిపారేస్తున్నారు. అది తప్పండీ.

రైల్వే దారిలో కష్టాలు లేవనను. నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో మీకు నాకంటే బాగా తెలుసు. ప్రైవేటు కంపెనీల పని టెండర్లను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. 4జీ రేడియో కోసం 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 5 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ రైల్వేకు ఇస్తూ కేంద్ర కేబినెట్ 2021 జూన్‌లో నిర్ణయం తీసుకుంది, అప్పుడు చెప్పిన గడువు అయిదేళ్లు. ఇంత పెద్ద పనులు కాగితం మీద రాసినంత వేగంగా నడవవు. స్టాండర్డ్‌లు రాసే కమిటీల్లో డిగ్రీ చేతికి రాగానే ఎవరూ కూర్చోబెట్టరు, ముందు కొన్నేళ్లు ఎక్కడో పనిచేసి ఉండాలి. కానీ చోటు మనకు దగ్గరే ఉంది. సిగ్నల్, టెలికాం ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చే ఇరిసెట్ 1957 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది. బండ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ పరీక్షలు మన దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి. దాన్ని మొదట తయారుచేసిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ కంపెనీలే.

పోల్చమన్నారు. లక్షన్నర పెట్టి కొనే కాగితం కన్నా, ఖర్చు లేకుండా ఇష్టంతో చేసే ప్రాజెక్టుకే నా ఓటు. పైథాన్ ఎలాగూ నేర్చుకోవాలి, అది ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. 3జీపీపీ సైట్‌లో టీఎస్ 22.289 అనే పత్రం ఉచితంగా దొరుకుతుంది, రైల్వేకు మొబైల్ వ్యవస్థ ఏమేం చేయాలో అందులో రాసి ఉంటుంది. మొదటిసారి సగం అర్థం కాదు, కంగారుపడొద్దని చెప్పండి. ఆ తర్వాత ఓపెన్ఎయిర్‌ఇంటర్‌ఫేస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ల్యాప్‌టాప్‌లోనే చిన్న నెట్‌వర్క్ నడిపి చూడవచ్చు.

మీరు చేయాల్సిన పని కూడా ఒకటుంది. ఈ రాత్రి డ్యూటీ దిగి వచ్చాక అమ్మాయి దగ్గర కూర్చోండి. మీ సెట్‌లో మాట ఎక్కడ తెగిపోతుంది, వానలో ఎలా ఉంటుంది, రెండు బండ్లు ఒకేసారి పిలిస్తే మీరేం చేస్తారు, అన్నీ చెప్పండి. నోట్‌బుక్ తెచ్చుకోమనండి.