దేశమంతా ఏడ్చిందని రాయకు

తమ్మీ,

నీ కథ అందింది. ఇందిరాగాంధీని చంపిన రోజు హన్మకొండ ఎట్లా ఉందో రాయాలన్న ఆలోచన నాకు నచ్చింది. కానీ మొదటి పేజీలోనే ‘యావద్దేశం కన్నీటి సంద్రమైంది’ అన్నావు. పేపరోళ్లంటే రాత్రికల్లా పేజీ పంపాలి కాబట్టి అట్లా రాస్తారు. నీకేం తొందర?

1984 అక్టోబర్ 31న కాల్పులు జరిగింది పొద్దున తొమ్మిది దాటాక. ఆమె చనిపోయిందని ఆకాశవాణి చెప్పింది సాయంత్రం. ఈలోపు బీబీసీ చెప్పేసింది. నీ కథకు సరుకంతా ఈ మధ్య గంటల్లోనే ఉంది, నువ్వేమో రెండు లైన్లలో దాటేశావు. ట్రాన్సిస్టర్ ఉన్నవాడి చుట్టూ జనం మూగుతారు. షట్టర్ సగం దించి, పక్క షాపువాడు ఏం చేస్తున్నాడా అని తొంగి చూసే సేటు ఉంటాడు. కాసేపటికి ‘ఎట్లుందట?’ అనేవాళ్లు తగ్గి, ‘ఎవరు చంపిన్రట?’ అనేవాళ్లు పెరుగుతారు. టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

ఈ రెండో ప్రశ్న ఎంత దూరం తీసుకుపోతుందో 1948లోనే పాలకులకు తెలుసు. గాంధీని చంపింది హిందువేనని రేడియోలో పనిగట్టుకుని చెప్పించారు. అయినా పుణే, సతారా వైపు గాడ్సే కులంవాళ్ల ఇండ్ల మీద పడ్డారు. (అన్నట్టు, ఆనాటికి మన ఓరుగల్లు ఇండియాలో లేదు, నిజాం రాజ్యం. యూనియన్‌లో కలవడానికి ఇంకా ఏడున్నర నెలలుంది. రజాకార్ల భయంలో ఉన్న ఊళ్లో ఆ వార్త ఎవరికి ఎట్లా చేరిందో ఎవరన్నా రాస్తే బాగుండు.) 1984లో ఇద్దరు సిక్కు అంగరక్షకుల పనికి ఒక్క ఢిల్లీలోనే, సర్కారు లెక్క ప్రకారమే, 2,733 మంది బలయ్యారు. అదంతా జనం దుఃఖంలో ఒళ్లు మరిచి చేసిందని మాత్రం రాయకు. వెనకుండి నడిపించినవాళ్లున్నారని తర్వాత కోర్టులే తేల్చాయి.

అందుకే నీ కథలో కాజీపేట దగ్గర దాబాలో ఆగిన సర్దార్జీ లారీ డ్రైవర్‌ని వదలొద్దంటున్నా. అతనికి ఒక్క వాక్యం ఇచ్చి పంపించేశావు. పంజాబ్ నంబర్ ప్లేటు, తలపాగా, ఇంటికి పోవాలంటే ఉత్తరాదికే పోవాలి. ఎదురుగా గోడ మీద ఇందిరమ్మ ఫోటో పెట్టుకున్న దాబా ఓనరు. నిన్నటిదాకా ఇద్దరూ పరాచికాలాడుకున్నవాళ్లే. ఇవాళ రొట్టె వేస్తాడా? పైసలు తీసుకుంటాడా? లారీ వెనక్కి పెట్టి పడుకొమ్మంటాడా, త్వరగా పొమ్మంటాడా? ఓనరును దేవుణ్ణి చెయ్యకు, రాక్షసుణ్ణీ చెయ్యకు. అతను నిజంగానే ఏడ్చి ఉంటాడు కూడా. పక్కనున్న మెదక్‌కు ఆమె ఎంపీ, 1980లో అక్కడినుంచే గెలిచింది. మన పల్లెల్లో ముసలవ్వలు ఇంటి మనిషి పోయినట్టు శోకాలు పెట్టారంటే అందులో నటన లేదు.

కథను డిసెంబర్ దాకా లాగాలా అని అడిగావు. తప్పకుండా లాగు. దేశమంతా సానుభూతి గాలి వీచి కాంగ్రెస్‌కు 400 పైన సీట్లొచ్చాయి. అదే గాలిలో హన్మకొండలో పీవీ నరసింహారావు ఓడిపోయాడు. ఆమె హత్య జరిగిననాడు, ఢిల్లీ తగలబడ్డనాడు దేశ హోంమంత్రి ఆయనే, మన ఎంపీ. బీజేపీ చందుపట్ల జంగారెడ్డి చేతిలో 54 వేల పైచిలుకు ఓట్ల తేడా. ఆ పార్టీ దేశం మొత్తమ్మీద గెలిచిందే రెండు సీట్లు. ఆగస్టులో ఎన్టీఆర్‌ని గద్దె దించిన కోపం ఇక్కడ ఇంకా చల్లారలేదు, తెలుగుదేశం మద్దతు జంగారెడ్డికే ఉంది. అక్టోబర్‌లో ఏడ్చినవాళ్లలో ఎందరో డిసెంబర్‌లో చేతి గుర్తుకు వేయలేదన్నమాట. ఆ ఏడుపు అబద్ధమని తీర్పు చెప్పేయకు.

దాబా ఓనరు ఏ గుర్తు మీద గుద్దాడో కథలో రాయకపోయినా నడుస్తుంది. నీకు మాత్రం తెలిసుండాలి. తేల్చుకున్నాక మళ్లీ పంపు, ఈసారి కొంచెం పెద్ద అక్షరాలతో.

మీ అన్న,
హన్మకొండ