డండీలో ఒక్కడివే కూర్చుని తినకు తమ్ముడూ

మాస్టర్స్‌కి స్కాట్లాండ్‌లోని డండీ వచ్చి మూడు నెలలైందని, పార్ట్ టైమ్ పనిలో అందరూ ఫుట్‌బాల్ మాటలే మాట్లాడుతుంటే దూరంగా కూర్చుంటున్నానని రాశావు. వీసా మీద వారానికి ఎన్ని గంటలు పని చేయొచ్చో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంటుంది, చూసుకో. నాకు దిగులల్లా ఆ దూరంగా కూర్చోవడం గురించే.

2005లో నేనూ అదే తప్పు చేశాను. గోడౌన్‌లో పని. పోపు వాసనకు ఎవరేమంటారోనని పప్పన్నం డబ్బా పట్టుకుని మూలకు పోయేవాణ్ణి. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకే చీకటి. గది, పని, మళ్లీ గది. ఫోన్ కార్డు మీద అమ్మతో పది నిమిషాలు మాట్లాడితే, ఆ రోజుకి నేను మాట్లాడిన తెలుగూ ఇంగ్లీషూ అంతే. మీకు వీడియో కాల్స్ ఉన్నాయి, అయినా ఆ దిగులు తీరదు. నాకు ఆరు నెలలు అలాగే పోయాయి.

ఒకరోజు ఓ పెద్దాయన తనే వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక, ఒకే వీధిలో రెండు స్టేడియాలు ఎందుకున్నాయని అడిగాను. బ్రేక్ అయిపోయినా ఆయన ఆపలేదు. చెప్పిందంతా జిమ్ మెక్లీన్ అనే ఫుట్‌బాల్ మేనేజర్ గురించే. ఈ మెక్లీన్ మొదట వడ్రంగి పని నేర్చినవాడు. డండీ క్లబ్‌లో కోచ్‌గా ఉంటూ, 1971 డిసెంబరులో అదే వీధిలోని డండీ యునైటెడ్‌కి మేనేజర్‌గా వెళ్లాడు. 1993 దాకా ఆ కుర్చీ వదల్లేదు. గ్లాస్గోలోని పెద్ద క్లబ్ రేంజర్స్ రమ్మన్నా పోలేదు. 1983లో లీగ్ గెలిచింది కూడా పక్క క్లబ్ మైదానం డెన్స్ పార్క్‌లోనే. 1987లో బార్సిలోనాను ఇక్కడా ఓడించారు, వాళ్ల ఊళ్లోనూ ఓడించారు. ఇంత చేసినవాడు స్కాటిష్ కప్ ఫైనల్‌కి ఆరుసార్లు వెళ్లి ఆరుసార్లూ ఓడాడు. 1991లో ఎదుటి జట్టు మదర్‌వెల్‌కి మేనేజర్ సొంత తమ్ముడే. ఆ వారమే వాళ్ల నాన్న పోయాడు. ఆ మాట చెబుతూ పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. మా నాన్న పోయినప్పుడు నేను ఊరికి వెళ్లలేకపోయానని ఆ రోజే మొదటిసారి ఒకరికి చెప్పుకున్నాను.

ఇప్పుడు నాకిక్కడ సొంత ఇల్లుంది. ఆ పెద్దాయన ఉన్నన్నాళ్లూ ప్రతి ఉగాదికీ మా ఇంట్లోనే భోజనం చేశాడు.

సోమవారం నీ డబ్బా తీసుకెళ్లి వాళ్ల బల్ల దగ్గరే కూర్చో. మెక్లీన్ గురించి అడుగు. కాకపోతే ఎదుటివాళ్లు డండీ అభిమానులా, యునైటెడ్ అభిమానులా అన్నది ముందే కనుక్కో.