సంక్రాంతి దాటకుండా ఏడాది లిస్టు రాయకూడదు

అడిగిన ప్రశ్న ఇది: "ప్రతి డిసెంబరులో ఆ ఏటి ఉత్తమ బ్లూస్, సోల్ (రెండూ అమెరికా నల్లజాతి వారి సంగీత రీతులు) ఆల్బమ్‌లంటూ బోలెడు లిస్టులు వస్తాయి. ఒకదానికొకటి పొంతన ఉండదు. మీరైతే ఎలా ఎంచుకుంటారు?"

ముందుగా ఆ డిసెంబరు లిస్టులన్నీ పక్కన పెట్టేస్తాను. నవంబరు నెలాఖరుకే తయారైపోయిన లిస్టు పదకొండు నెలలదే గానీ ఏడాదిది కాదు. పత్రికలకు పండగ సీజను అమ్మకాల తొందర ఉంటుంది. వినేవాళ్ళకేం తొందర? నా లిస్టు ఎప్పుడూ సంక్రాంతి దాటాకే. ఈ పట్టుదల నాకు 2014లో వచ్చింది.

అప్పట్లో ఒక చిన్న పత్రికకు సంగీతం మీద రాసేవాణ్ణి. డిసెంబరు మొదట్లోనే లిస్టు కావాలని ప్రాణం తీసి మరీ తీసుకున్నారు. ఆ నెల 15న, సోమవారం, పెద్ద ప్రచారమేమీ లేకుండా అమెరికన్ సోల్ గాయకుడు డియాంజెలో ఆల్బమ్ 'బ్లాక్ మెస్సయ్య' వచ్చింది. 2000 జనవరిలో వచ్చిన 'వూడూ' తర్వాత ఆయన నుంచి ఇంకో స్టూడియో ఆల్బమే లేదు. నిజానికి ఇది 2015లో రావాల్సింది. అమెరికాలోని ఫెర్గూసన్‌లో నల్లజాతి యువకుడు మైకేల్ బ్రౌన్‌ను కాల్చి చంపిన పోలీసు మీద అభియోగం అక్కర్లేదని నవంబరులో గ్రాండ్ జ్యూరీ తేల్చేసరికి విడుదల ముందుకు జరిపారు. అంటే ఆ ఏడాది బాధలోంచి, ఆ ఏడాదిలోనే రావాలని వచ్చిన ఆల్బమ్ అది. పత్రికకు ఫోన్ చేసి లిస్టు మార్చమని బతిమాలాను. పేజీలు వెళ్ళిపోయాయి, కుదరదన్నారు.

ఆ రాత్రి మారేడ్‌పల్లిలో స్నేహితుడి ఇంట్లో కూర్చుని విన్నాం. వాళ్ళ నాన్నగారు కొన్న పాత పెద్ద స్పీకర్లు ఉన్నాయి వాడి దగ్గర. మాలో ఒకడు చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నాడు. వాడికి ఏ పాట విన్నా తొడ మీద తాళం వేయడం అలవాటు. మొదటి పాట మొదలైన కాసేపటికే వాడి మొహం మారింది. చెయ్యి తొడ మీద పడ్డాక, వెంట్రుకవాసి ఆలస్యంగా డ్రమ్ము దెబ్బ పడుతోంది. ప్రతిసారీ అంతే. పాట ఆపి మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నాడు. రెండోసారి కళ్ళు మూసుకుని విని, "ఒరేయ్, కావాలనే వెనక్కి లాగుతున్నార్రా, తాళం మాత్రం ఎక్కడా తప్పట్లేదు" అన్నాడు. దాని కింద పీనో పల్లాడీనో బేసు గిటార్ తాపీగా నడుస్తోంది. అదే పాటను నేను పొద్దున ఫోన్‌లో విన్నప్పుడు ఆ బేసు అసలు వినపడలేదు. ఫోన్ స్పీకర్లో విని సోల్ ఆల్బమ్‌కు మార్కులు వేసేవాళ్ళ మాట నేను లెక్కచేయను.

ఇంతకీ ఏమైంది? డిసెంబరు లిస్టుల్లో చాలావాటికి ఈ ఆల్బమ్ అందలేదు. అప్పట్లో జనవరిలో ఫలితాలు చెప్పే న్యూయార్క్ వారపత్రిక విలేజ్ వాయిస్ వారి విమర్శకుల పోల్‌లో మాత్రం 2014కి ఇదే మొదటి స్థానంలో నిలిచింది. ఆగినవాళ్ళకు దక్కింది.

అమెరికాలో సంగీతానికిచ్చే గ్రామీ బహుమతులను నమ్ముకుందామా అంటే అక్కడ ఇంకో గందరగోళం. వాళ్ళ ఏడాది జనవరిలో మొదలవదు. అందుకే 2014 డిసెంబరు ఆల్బమ్‌కు 2016లో బహుమతి వచ్చింది. బ్రిటిష్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ చేసిన బ్లూస్ ఆల్బమ్ 'బ్లూ అండ్ లోన్సమ్' కూడా అంతే, 2016 డిసెంబరులో విడుదలైతే 2018లో సంప్రదాయ బ్లూస్ బహుమతి. (లండన్‌లో మూడు రోజుల్లో రికార్డు చేశారు. బాగుంటుంది, కానీ అదే ఏడాది బ్లూస్ గాయకుడు బాబీ రష్ చేసిన 'పోర్క్యుపైన్ మీట్' ముందు నిలవదు. దానికి ఆయన మొదటి గ్రామీ అందుకున్నది 83 ఏళ్ళ వయసులో!) గ్రామీలో బ్లూస్‌కు ఉన్న రెండు విభాగాలను 2012లో ఒకటి చేశారు, 2017లో మళ్ళీ విడగొట్టారు. సోల్ ఆల్బమ్‌కైతే విడిగా విభాగమే లేదు, ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) గుంపులో తోసేస్తారు.

డిసెంబరు లిస్టులతో నష్టం ఆ చివరే కాదు, ఈ చివరా ఉంది. జనవరిలో వచ్చినదాన్ని డిసెంబరు నాటికి అందరూ మర్చిపోతారు. అదే 2014లో, జనవరి 14న, మనకు సంక్రాంతి రోజుల్లో, సోల్ గాయని షారన్ జోన్స్, ఆవిడ వాద్యబృందం డాప్ కింగ్స్ కలిసి చేసిన 'గివ్ ది పీపుల్ వాట్ దే వాంట్' వచ్చింది. 2013లోనే రావాల్సింది, ఆవిడకు క్యాన్సర్ బయటపడి వాయిదా పడింది. కీమో అయ్యాక విగ్గు లేకుండా గుండుతోనే స్టేజి ఎక్కి పాడిందావిడ. ఆ ఏటి చివర ఎన్ని లిస్టుల్లో ఆ పేరు వెతికానో, కనపడినవి తక్కువే.

నా పద్ధతి అడిగారు కాబట్టి చెప్తాను. ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా వరసలో వినాలి, యాప్ తనంతట తాను వేరే పాటలోకి దూకే సదుపాయం ఆపేసి. నెల రోజులు వదిలేసి మళ్ళీ వినాలి. ఎవరు వాయించారో తెలుసుకోవాలి. ఈ చివరిదానికి యాప్‌లు పెద్దగా సాయం చేయవు. పాడినవాళ్ళ బొమ్మ గోడంత వేస్తారు, డ్రమ్ము ఎవరిదో మాత్రం మనమే వెతుక్కోవాలి. సోల్ సంగీతంలో వాయించేవాళ్ళే సగం ప్రాణం. సోల్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ 1965లో 'ఓటిస్ బ్లూ'ను మెంఫిస్‌లోని స్టాక్స్ స్టూడియోలో దాదాపు ఒక్క రోజులో పూర్తి చేయగలిగాడంటే, బుకర్ టీ అండ్ ది ఎమ్‌జీస్ లాంటి వాద్యబృందం అక్కడ ఉండబట్టే. ఒకే గదిలో కలిసి వాయించినవాళ్ళ ఆల్బమ్‌నే నేను ఎప్పుడూ పైన పెడతాను.

ఆ లెక్కన 2014కి నా మొదటి ఆల్బమ్ 'బ్లాక్ మెస్సయ్య' కాదు, షారన్ జోన్స్‌దే. మా వాళ్ళు ఇప్పటికీ ఒప్పుకోరు. డియాంజెలో ఏళ్ళ తరబడి చెక్కి చెక్కి చేసిన పని గొప్పదే. కానీ డాప్ కింగ్స్ బ్రూక్లిన్‌లో టేపు మీద వాయిస్తుంటే, న్యూయార్క్‌లోని రైకర్స్ ఐలండ్ జైల్లో గార్డుగా పనిచేసి వచ్చిన ఆవిడ, నలభై దాటాకే మొదటి ఆల్బమ్ చేయగలిగిన ఆవిడ, మొదటి పాటలోనే 'వెనక్కి తగ్గు' అని ఎదుటివాణ్ణి గద్దించింది. అలాంటి గొంతు ఆ ఏడాది ఇంకెవరి దగ్గరా లేదు.